కంపెనీ మూసేసిన ఫోన్‌ని సెకండ్ హ్యాండ్‌లో కొనొచ్చా? ఎల్‌జీ జీ8ఎక్స్‌తో నా అనుభవం

2020 అక్టోబర్ బిగ్ బిలియన్ డేస్ గుర్తుందా? 49,999 రూపాయలకి లాంచ్ అయిన ఎల్‌జీ జీ8ఎక్స్‌ని ఫ్లిప్‌కార్ట్‌లో 19,990కి పెట్టారు. రెండో స్క్రీన్ కూడా బాక్స్‌లోనే. నేనప్పుడు బీటెక్ చదువుతున్నా, కార్ట్‌లో వేసుకుని చూస్తూ కూర్చోవడం తప్ప ఏం చెయ్యలేకపోయా. ఆ తర్వాత ఆరు నెలలకే, 2021 ఏప్రిల్ 5న, ఎల్‌జీ ఫోన్ల బిజినెస్ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది.

ఉద్యోగం వచ్చాక ఆ కోరిక మళ్లీ లేచింది. ఓ సెకండ్ హ్యాండ్ యాప్‌లో 7,500కి కనిపిస్తే తీసేసుకున్నా. స్నాప్‌డ్రాగన్ 855, 6 జీబీ ర్యామ్, ఓఎల్ఈడీ డిస్‌ప్లే. ఆ రేటుకి కొత్త ఫోన్లలో ఇవేవీ రావు. అయితే ఇలాంటి ఫోన్ కొనేటప్పుడు మనం ఫోన్‌ని మాత్రమే కొనట్లేదు. దానికి సంబంధించి మార్కెట్‌లో ఇంకా ఎన్ని విడిభాగాలు మిగిలున్నాయో, దాన్ని కూడా కొంటున్నాం. ఈ సంగతి నాకు ఇంటికొచ్చాక అర్థమైంది.

ఆ రాత్రే ఛార్జింగ్ పెడదామని చూస్తే కేస్‌కి టైప్-సి పోర్ట్ లేదు. విషయం ఏంటంటే, డ్యూయల్ స్క్రీన్ కేస్‌లో ఫోన్ పెట్టగానే ఫోన్ పోర్ట్‌ని కేస్ లోపలున్న పిన్ ఆక్రమించేస్తుంది. ఛార్జింగ్ కేస్ అడుగున ఉన్న చిన్న మాగ్నెట్ కాంటాక్టుల ద్వారా ఎక్కాలి. దానికి కేబుల్ చివర పెట్టుకునే ఓ బుల్లి అడాప్టర్ బాక్స్‌లో ఇచ్చేవాళ్లు. వేలి గోరంత ఉంటుంది. అమ్మినాయన దాన్ని ఎప్పుడో పోగొట్టాడట, చెప్పలేదు. నేను అడగలేదు కూడా.

అది లేకపోతే ప్రతి రాత్రీ ఫోన్‌ని కేస్‌లోంచి ఊడబెరకాలి, పొద్దున్నే మళ్లీ దూర్చాలి. ఇలా చేస్తూ పోతే పోర్ట్ లూజవుతుంది. జగదీశ్ మార్కెట్‌లో ఆదివారం మొత్తం తిరిగా. తొమ్మిది షాపుల్లో ఎనిమిది మంది దాన్ని చూడనే లేదన్నారు. చివరికి ఆన్‌లైన్‌లో దొరికింది, 900 రూపాయలు. అదీ డూప్లికేటే. కాబట్టి డ్యూయల్ స్క్రీన్‌తో కొంటుంటే ముందు ఆ అడాప్టర్ చూపించమనండి. తర్వాతే మిగతా మాటలు.

రెండోది బ్యాటరీ. 4000 ఎంఏహెచ్ అని స్పెక్స్‌లో ఉంటుంది గానీ అది తయారైనప్పటి మాట. లిథియం బ్యాటరీ వాడకపోయినా, డబ్బాలో ఉన్నా వయసుతో పాటు తగ్గుతూనే ఉంటుంది. "సీల్డ్ పీస్ అన్నా, అస్సలు వాడలేదు" అంటే మురిసిపోకండి. అమ్మేవాళ్ల ముందే బ్రైట్‌నెస్ ఫుల్ పెట్టి పావుగంట వీడియో ఆడించండి. పర్సంటేజ్ మెట్లు దిగినట్టు ఐదేసి పడిపోతుంటే బ్యాటరీ మార్చాల్సిందే. మార్చాలంటే గ్లూతో అతికించిన వెనక గ్లాస్‌ని వేడి చేసి తియ్యాలి. ఒకసారి తీశాక ఐపీ68ని మర్చిపోండి. దొరికే బ్యాటరీల మీద ఎల్‌జీ లోగో ఉన్నా నమ్మకం పెట్టుకోవద్దు.

డిస్‌ప్లే మీద గీత గానీ మచ్చ గానీ ఉంటే అసలు బేరమే ఆడొద్దు. నాకు చెప్పిన ప్యానెల్ రేటు నేను ఫోన్‌కి పెట్టిన డబ్బుకి దగ్గరగా ఉంది.

మోడల్ నంబర్ కూడా చూస్కోండి. అమెరికాలో అక్కడి నెట్‌వర్క్‌ల కోసం అమ్మినవి ఇక్కడ రీఫర్బిష్డ్ పేరుతో తిరుగుతుంటాయి. జియోకి 2జీ, 3జీ లేవు కదా, వోల్ట్ పనిచెయ్యకపోతే మామూలు కాల్ వెళ్లదు. మీ సిమ్ వేసి అక్కడే ఒక కాల్ చెయ్యండి. *#06# కొట్టి ఐఎంఈఐ చూసి, కేవైఎం అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, స్పేస్ ఇచ్చి ఆ నంబర్ 14422కి ఎస్ఎంఎస్ పంపితే బ్లాక్ అయిన ఫోనో కాదో తెలిసిపోతుంది. పాత ఓనర్ గూగుల్ అకౌంట్ తీసేశాడో లేదో చూడ్డం ఎలాగూ తెలిసిందే.

ఇక సాఫ్ట్‌వేర్. నిజానికి ఈ ఫోన్ నేను మా నాన్న కోసం తీసుకున్నా. ఈమధ్యే రిటైరయ్యారు, పెద్ద స్క్రీన్ కావాలన్నారు. చేతికిచ్చి కథంతా చెప్తే ఆయన అడిగింది ఒక్కటే. "కంపెనీయే లేదంటున్నావ్, రేపు ఏదన్నా అయితే ఎవర్నడగాలిరా?"

సర్వీస్ సెంటర్ గురించి అడిగారు ఆయన. నాకు మాత్రం ప్యాచ్‌లు గుర్తొచ్చాయి. ఎల్‌జీ తన అప్‌డేట్ సర్వర్లని 2025 జూన్ 30తో ఆపేసింది. ఆ లోపు అప్‌డేట్ చేసుకోని ఫోన్ ఏ వెర్షన్ మీద ఉందో అక్కడే ఆగిపోయినట్టు. అందుకే సెట్టింగ్స్‌లో ఆండ్రాయిడ్ వెర్షన్, సెక్యూరిటీ ప్యాచ్ తేదీ రెండూ చూసే డబ్బులివ్వండి. ఫోన్‌పే, బ్యాంక్ యాప్‌లు ప్లే స్టోర్ నుంచి అప్‌డేట్ అవుతూనే ఉంటాయి, సిస్టమ్‌లో కొన్ని భాగాలకి గూగుల్ నేరుగా పంపుతుంది. కానీ కెర్నల్, చిప్ డ్రైవర్లలో బయటపడే లోపాలకి ప్యాచ్ ఇవ్వాల్సింది ఫోన్ తయారుచేసినవాళ్లే. వాళ్లిప్పుడు లేరు. కస్టమ్ రామ్ వేసుకోవచ్చు కదా అంటారు కొందరు. బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే బ్యాంక్ యాప్‌లు మొరాయిస్తాయి, ఆ అన్‌లాక్ సర్వీస్‌ని కూడా ఎల్‌జీ 2021 చివర్లోనే ఆపేసింది.

పెన్షన్ పడే అకౌంట్‌ని ఆ ఫోన్‌లో పెట్టడానికి నాకు మనసొప్పలేదు. నాన్నకి వేరే కంపెనీది, ఇంకా అప్‌డేట్లు వస్తున్న మామూలు ఫోన్ 12 వేలకి కొనిచ్చా. డిస్‌ప్లే దీనంత బాలేదు. ఆయనకి ఆ తేడా కనిపించలేదు.

జీ8ఎక్స్ ఇప్పుడు నా దగ్గరే, సిమ్ లేకుండా ఉంది. 3.5 ఎంఎం జాక్‌లో మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టి హై-ఫై క్వాడ్ డాక్ ఆన్ చేస్తే ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ విడిగా వినిపిస్తుంది. ఈ జాక్ కోసమే కొనేవాళ్లుంటే 5 వేల లోపు ఇచ్చి తీసుకోండి, బ్యాంక్ యాప్ మాత్రం పెట్టొద్దు. మెయిన్ ఫోన్‌గా అయితే నేను 3 వేలకిచ్చినా తీసుకోను. కెమెరా గురించి అడగొద్దు, అప్పుడే సోసోగా ఉండేది.