తుపాను తీరమున ఇంటర్నెట్ టెలిఫోను

పలాస జీడిపప్పు కార్యాలయములో బల్లమీద నుండు ఇంటర్నెట్ టెలిఫోను చూపునకు పాతదానివలెనే ఉండును. పనిచేయు తీరు మాత్రము వేరు. పాత టెలిఫోను మాటను విద్యుత్తరంగముగా మార్చి రాగితీగ వెంట పంపును. కొత్తది, వాడుకలో నున్న ఒక పద్ధతి ప్రకారము, కంఠధ్వనిని సెకనుకు 8000 సార్లు కొలిచి, ప్రతి కొలతను 8 బిట్ల అంకెగా మార్చును. అనగా సెకనుకు 64,000 బిట్లు. వీనిని చిన్న చిన్న పొట్లములుగా కట్టి ఇంటర్నెట్ మార్గమున పంపును.

దీని అమరిక సులభము. కేబులును రౌటరుకు తగిలించి, సేవాసంస్థ యిచ్చిన సర్వరు చిరునామా, వాడుకదారు పేరు, సంకేతపదము టెలిఫోనులో నమోదు చేయవలెను. అంతట టెలిఫోను తన ఉనికిని సర్వరుకు తెలుపును. వచ్చిన పిలుపులను సర్వరు అచ్చటికి పంపును.

అయితే ఒక చిక్కు కలదు. పాత టెలిఫోనుకు సుమారు 48 వోల్టుల విద్యుత్తు ఎక్స్ఛేంజి బ్యాటరీలనుండి రాగితీగ వెంటనే వచ్చును. కనుక ఊరిలో దీపములు ఆరినను అది పలుకును. కొత్త టెలిఫోనుకు, రౌటరుకు, ఫైబరు చివరనుండు పెట్టెకు కార్యాలయపు కరెంటే ఆధారము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు, ఉద్దానమున కొబ్బరి, జీడి తోటలతోపాటు విద్యుత్ స్తంభములును కూలినవి. అట్టివేళ ఈ మూడింటిలో ఏది ఆగినను మాట ఆగును.

కావున మూడింటికిని బ్యాటరీ ఏర్పాటు అవసరము. అవి మొత్తము 30 వాట్లు వాడుననుకొందము. 12 వోల్టుల, 40 ఆంపియరు-గంటల బ్యాటరీలో 480 వాట్-గంటల శక్తి యుండును. లెక్కకు 16 గంటలు. ఆచరణలో కొంత తక్కువ.

ఫైబరే తెగినచో బ్యాటరీ యున్నను ఫలము లేదు. కాని సర్వరు దూరపు ఊరిలో ఉన్నచో అది పనిచేయుచునే యుండును. పిలుపులను టెక్కలిలోనో, శ్రీకాకుళములోనో ఉన్న మరొక నంబరుకు మళ్ళించునట్లు తుపానుకు ముందే సర్వరులో ఏర్పాటు చేసికొనవలెను.