అతిథులుగా వెళ్ళి ఆడిన ఆట

మందమీద పడిన తోడేలును తరిమికొట్టడం పశువుల కాపరులకు తప్పని పని. ఆ పనిలోనుండే ఒక ఆట పుట్టిందంటే మీకు ఆశ్చర్యం కలుగవచ్చు.

మధ్య ఆసియాలో కిర్గిజ్‌స్తాన్ అనే చిన్న కొండల దేశమున్నది. అక్కడి ప్రజలు పూర్వం ఒకచోట స్థిరంగా ఉండేవారు కారు. గొర్రెలను, గుర్రాలను తోలుకొని వేసవిలో కొండమీది పచ్చిక బయళ్ళకు వెళ్ళి, ఉన్నితో చేసిన గుండ్రని గుడారాలలో కాపురముండేవారు. మందను పాడుచేసిన తోడేలును యువకులు గుర్రాలపై వెంటాడి పట్టుకొని, ఒకరి చేతిలోనుండి ఒకరు లాగుకొనేవారట. ఆ ఆటకు 'కోక్ బోరు' అని పేరు. బూడిదరంగు తోడేలు అని దాని అర్థం.

తరువాత తోడేలు స్థానంలో తల తీసిన మేక కళేబరం వచ్చింది. దాని బరువు 30 కిలోలకు పైమాటే. రెండు జట్లు, ఒక్కొక్క జట్టునుండి నలుగురు చొప్పున మైదానంలో ఉంటారు. పరుగెత్తుచున్న గుర్రం మీదనుండి నేలదాకా వంగి, ఒంటి చేత్తో ఆ బరువును పైకెత్తి, తొడక్రింద అదిమిపట్టి, ఎదుటివారి గోలులో పడవేయాలి. ఆ గోలు బావిగట్టులాగా ఎత్తుగా, గుండ్రంగా ఉంటుంది. చేతులు ఖాళీ ఉండవు గనుక కొరడాను పళ్ళతో కరచి పట్టుకొంటారు. ఈమధ్య కళేబరానికి బదులు అంతే బరువైన బొమ్మను కూడా వాడుచున్నారు.

సోవియట్ పాలనలో ఈ ప్రజలను సంచార జీవితం మాన్పించి ఊళ్ళలో స్థిరపరచారు. అయినా ఆట మాత్రం పల్లెల్లో నిలిచింది. 1991లో దేశం స్వతంత్రమైన తరువాత మరలా బలపడింది. 2014లో ఇస్సిక్ కుల్ సరస్సు ఒడ్డున చోల్పోన్ అతా పట్టణంలో మొదటి ప్రపంచ సంచార జాతుల క్రీడలు జరిగాయి. 19 దేశాలవారు వచ్చారు. 2016లో రెండవసారి జరిగినప్పుడు ఆ సంఖ్య 60 దాటింది.

ఆ రెండవసారి వచ్చినవారిలో అమెరికానుండి ఒక జట్టు ఉన్నది. వారికి ఈ ఆట వృత్తి కాదు. వయోమింగ్ వంటి పడమటి రాష్ట్రాలలో పశువుల మధ్య, గుర్రాల మధ్య పెరిగినవారు అందులో ఉన్నారు. జీనుమీద కూర్చొని తాడు విసరి ఆవును పట్టడం వారికి వెన్నతో పెట్టిన విద్య. కాని ఇక్కడ ఆ విద్య చాలదు. తాము ఎక్కిన గుర్రాలు కూడా తమవి కావు, ఆతిథ్యమిచ్చినవారు ఇచ్చినవి. ఈ ఆటకే అలవాటుపడిన ఆ గుర్రాలకు ఏమి చేయాలో తెలుసు. పైన కూర్చున్నవారికే తెలియదు! గుర్రాలు రొమ్ములతో ఢీకొనే ఆ గుంపులో పడితే ఎముకలు విరిగే ప్రమాదమూ లేకపోలేదు.

వారికి పతకం రాలేదు. బంగారు పతకం కిర్గిజ్ జట్టుకే దక్కింది. పుట్టినప్పటినుండి ఆ ఆటను చూచి పెరిగినవారితో కొద్ది రోజులు సాధన చేసినవారు సమానం కాగలరా? అయినను 2018లో అదే ఊరికి అమెరికా జట్టు మరలా వెళ్ళింది.

ఓడిపోతామని తెలిసి అంత దూరం వెళ్ళడమెందుకని మనం అడుగవచ్చు. ఒక్కసారి ఆ ఊరి ముసలి కాపరి స్థానంలో నిలిచి చూడండి. తన తాతల బ్రతుకు వెనుకబడినదని వినుచు పెరిగిన తరమది. అటువంటిది, సముద్రాలకు ఆవలనున్న గొప్ప దేశపు యువకులు వచ్చి, తన గుర్రమెక్కి, తన ఆట నేర్పమని అడిగి, క్రిందపడి లేచి మరలా ప్రయత్నించుచుంటే ఆయనకు ఎంత గౌరవం! పతకంకంటె అది చిన్న సంగతి కాదు. 2017లో యునెస్కో కూడా కోక్ బోరును మానవాళి వారసత్వ సంపదలలో చేర్చింది.

నేర్పడానికి వెళ్ళేవారు లోకంలో చాలామంది ఉన్నారు. నేర్చుకోవడానికి, అందరి ముందు ఓడిపోవడానికి సిద్ధపడి వెళ్ళేవారు కొద్దిమందే. ఈ రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి మీ పిల్లలకు చెప్పండి. తరువాత ఇంట్లోని పెద్దవారిని వారి చిన్ననాటి ఆట ఒకటి నేర్పమని అడగండి. మొదట మీరే ఓడిపోతారు. ఫరవాలేదు, పెద్దవారి ముఖం చూడండి!