స్టార్టర్ తిరుగుతోంది కానీ ఇంజిన్ అందుకోవట్లేదా? యాగంటిలో నా ఓబీడీ డాంగిల్ చెప్పిన సమాధానం

కీ తిప్పగానే స్టార్టర్ మోటార్ హుషారుగానే తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. ఇలాంటప్పుడు చాలామంది ముందు బ్యాటరీని అనుమానిస్తారు. బ్యాటరీ వీక్ అయితే "టక్ టక్" అని ఆగిపోతుంది, లేదా నీరసంగా తిరుగుతుంది. మామూలు స్పీడ్‌లోనే తిరుగుతోందంటే సమస్య వేరే చోట ఉన్నట్టు. పెట్రోల్ అందట్లేదు, స్పార్క్ రావట్లేదు, లేదా ఇమ్మొబిలైజర్ కీని గుర్తుపట్టట్లేదు. ఈ మూడూ బాగున్నా స్టార్ట్ కాని సందర్భం ఇంకోటి ఉంది. నాకు ఎదురైంది అదే.

పోయిన ఏప్రిల్‌లో నంద్యాల నుంచి పాణ్యం, బనగానపల్లె మీదుగా యాగంటి వెళ్లాం. నేను, నాన్న, అమ్మ, అవ్వ. కారు నాన్నది, పాత బీఎస్4 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. దర్శనం చేసుకుని, నందిని చూసి, పుష్కరిణి దగ్గర కాసేపు కూర్చుని ముప్పావు గంటలో తిరిగొచ్చాం. కారు స్టార్ట్ కాలేదు. యాగంటికి కాకులు రావు, కాకి వాహనం కాబట్టి శని కూడా అడుగు పెట్టడు అని అంటారు కదా. అవ్వ చెట్టు నీడలో కూర్చుని, "శని రాని చోట మనకిదేం ఖర్మ రా" అంది.

నాన్న మాత్రం "ఇంకో తూరి కొడతా ఉండు" అంటూ కీ తిప్పుతూనే ఉన్నాడు. దయచేసి ఇది చేయకండి. ఒక్కోసారి ఐదు సెకన్లు చాలు, మధ్యలో స్టార్టర్‌కి రెస్ట్ ఇవ్వండి. లేకపోతే ఉన్న సమస్యకి తోడు బ్యాటరీ కూడా పోతుంది.

ఫోన్ తీసే ముందు ఖర్చు లేని చెకింగ్‌లు రెండు చేశా. కీ ఆన్ చేసినప్పుడు డ్యాష్‌బోర్డ్‌లో ఇమ్మొబిలైజర్ లైట్ వెలిగి ఆరిపోయింది, అంటే కీ ఓకే. తర్వాత వెనక సీటు దగ్గర చెవి పెట్టి విన్నా. చాలా పెట్రోల్ కార్లలో కీ ఆన్ చేయగానే ట్యాంక్‌లోని ఫ్యూయల్ పంప్ రెండు సెకన్లు "ఊఁ" అని తిరిగి ఆగుతుంది. మాదీ తిరిగింది. కానీ నాన్న స్టార్టర్ కొడుతున్నంతసేపూ సీటు కింద చేయి పెట్టి చూస్తే ఏ కదలికా తెలియలేదు.

తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేసి ఇదే చెప్తే, "పంప్ పోయింటాదన్నా, బండి పంపిస్తా, ఎక్కించుకొని వచ్చేయండి" అన్నాడు. కొత్త పంప్, టోయింగ్ కలిపి వేలల్లో ఖర్చు. పైగా ఆ ఎండలో అవ్వని వెనక్కి తీసుకెళ్లడం ఎట్లా?

అప్పుడు గ్లవ్ బాక్స్‌లో ఉన్న డాంగిల్ గుర్తొచ్చింది. ఈఎల్‌ఎం 327 అనే చిన్న బ్లూటూత్ అడాప్టర్, ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే దొరుకుతుంది. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ పోర్ట్‌లో పెట్టి, కీ ఆన్ చేసి, ఆండ్రాయిడ్ ఫోన్‌తో పెయిర్ చేశా. పిన్ ఎక్కువగా 1234 లేదా 0000 ఉంటుంది. ముందు ఎర్రర్ కోడ్స్ స్కాన్ చేస్తే ఒక్కటీ లేదు! ఇక్కడే చాలామంది "అంతా బాగానే ఉంది" అనుకుని యాప్ మూసేస్తారు. కోడ్ లేకపోవడం అంటే లోపం లేదని కాదు, ఈసీయూ దాన్ని ఇంకా లోపంగా లెక్కేయలేదని మాత్రమే.

లైవ్ డేటాలో ఆర్‌పీఎం, వోల్టేజ్ పక్కపక్కన పెట్టుకుని నాన్నని స్టార్టర్ కొట్టమన్నా. మామూలుగా అయితే ఆర్‌పీఎం 200 అటూ ఇటూ కనిపించాలి. నాకు సున్నా కనిపించింది. ఇంజిన్ తిరగడం చెవులకి వినిపిస్తోంది, ఈసీయూకి మాత్రం తెలియట్లేదు.

ఈసీయూకి ఆ విషయం చెప్పేది క్రాంక్ షాఫ్ట్ పొజిషన్ సెన్సార్. అది చెప్పకపోతే స్పార్క్ ఎప్పుడివ్వాలో, పెట్రోల్ ఎప్పుడు కొట్టాలో ఈసీయూకి తెలియదు. ఇంజిన్ ఆగి ఉందనుకుని మొదటి రెండు సెకన్ల తర్వాత పంప్‌ని కూడా ఆఫ్ చేసేస్తుంది. అంటే పంప్ ఆగిపోవడం జబ్బు కాదు, జబ్బు లక్షణం. కోడింగ్‌లో ఎర్రర్ కనిపించిన లైన్‌ని తిట్టుకుంటూ ఉంటే అసలు బగ్ పై ఫంక్షన్‌లో ఉంటుంది కదా, అచ్చం అలాగే.

ఒక జాగ్రత్త. స్టార్టర్ తిరిగేటప్పుడు వోల్టేజ్ పడిపోయి చీప్ డాంగిల్స్ రీసెట్ అవుతాయి. అప్పుడు కూడా ఆర్‌పీఎం సున్నాగానే కనిపించవచ్చు. అందుకే వోల్టేజ్ అంకె మారుతోందో లేదో చూడాలి. నాకు 12.3 నుంచి 10.4కి దిగి మళ్లీ పైకొచ్చింది, అంటే డాంగిల్ బతికే ఉంది. ఒకవేళ మీకు ఆర్‌పీఎం సరిగ్గా వస్తే సెన్సార్‌ని వదిలేసి పంప్ రిలే, ఫ్యూజ్, స్పార్క్ వైపు వెళ్లండి. హారన్ రిలే నంబర్ అదే అయితే మార్చి పెట్టి చూడొచ్చు.

ఈ సెన్సార్లు కొన్ని వేడికి లోపలి వైరు తెగినట్టయి, చల్లబడితే మళ్లీ పనిచేస్తాయి. కారు ఆపాక ఇంజిన్ వేడి చుట్టూ పాకుతుంది కాబట్టి ముప్పావు గంట తర్వాత మొరాయించడం కూడా సరిపోయింది. మా కారులో అది గేర్‌బాక్స్ పక్కన, చేతికి అందేచోట ఉంది. కీ తీసేసి, బానెట్ ఎత్తి, తడి గుడ్డ చుట్టి ఇరవై నిమిషాలు ఆగాం. సైలెన్సర్ పైపు మీద నీళ్లు పడకుండా, ఫ్యాన్‌కి దూరంగా చేయాలి. మళ్లీ కొడితే ఫోన్‌లో 210 కనిపించింది, ఆ వెంటనే ఇంజిన్ అందుకుంది.

నంద్యాల వరకు ఎక్కడా ఆపలేదు. దారిలో ఇంజిన్ ఆగిపోయే రిస్క్ కూడా ఉంటుందని తెలుసు కాబట్టి నెమ్మదిగా, ఎడమ పక్కనే వచ్చాం. మర్నాడు సెన్సార్ మార్పించాం, లేబర్‌తో కలిపి రెండు వేల లోపే. పంప్ పాతదే.

డాంగిల్ కొనేవాళ్లకి రెండు మాటలు. ఐఫోన్ వాడేవాళ్లు బ్లూటూత్ ఎల్‌ఈ లేదా వైఫై మోడల్ తీసుకోవాలి, పాత బ్లూటూత్‌వి పనిచేయవు. వైఫై మోడల్‌కి కనెక్ట్ అయితే ఫోన్‌లో నెట్ ఆగిపోవచ్చు, కాబట్టి యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. పని అయ్యాక పోర్ట్‌లోంచి తీసేయండి. కారు ఆఫ్‌లో ఉన్నా ఆ పోర్ట్‌కి కరెంట్ వస్తూనే ఉంటుంది, వారాల తరబడి వదిలేస్తే ఈసారి నిజంగానే బ్యాటరీ పోతుంది.