ఆ నల్ల దుస్తులు ఎవరివి? మినాస్ తిరిత్ కోట కావలిదళం: అపోహలు – వాస్తవాలు

పీటర్ జాక్సన్ తీసిన 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' సినిమాలు చూసినవాళ్లకు మినాస్ తిరిత్ గుర్తుండే ఉంటుంది. కొండను ఆనుకుని ఏడు ప్రాకారాలుగా లేచిన తెల్లని నగరం అది. పైన కోట, కోట ముంగిట ఎండిపోయిన చెట్టు, ఆ చెట్టుకు కాపలాగా నల్ల దుస్తుల భటులు. తెరమీద ఆ భటులకు దక్కింది కొద్ది క్షణాలే. 1955లో వచ్చిన మూల నవల మూడో సంపుటం 'ద రిటర్న్ ఆఫ్ ద కింగ్'నూ దాని అనుబంధాలనూ కలిపి చదివితే, ఆ దళానికి రచయిత టోల్కీన్ ఎంత చరిత్ర కూర్చాడో తెలుస్తుంది. అది తెలియక అభిమానుల్లో కొన్ని పొరపాటు నమ్మకాలు స్థిరపడిపోయాయి.

అపోహ: అది డెనెథోర్ వంశపు సొంత దళం.

వాస్తవం: ఇదే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. డెనెథోర్ మినాస్ తిరిత్ రాజధానిగా ఉన్న గోండోర్ రాజ్యానికి రాజు కాడు, స్టీవర్డ్. అంటే రాజు పేరున పాలన నడిపేవాడు. మూడో యుగం 2050లో ఎయార్నూర్ అనే రాజు శత్రువు విసిరిన సవాలుకు రెచ్చిపోయి, కొద్దిమంది వీరులతో శత్రువు కోట మినాస్ మోర్గుల్‌కు వెళ్లి మళ్లీ తిరిగి రాలేదు. ఆయనకు పిల్లలు లేరు. అప్పుడు స్టీవర్డ్‌గా ఉన్న మార్డిల్, 'రాజు వచ్చేదాకా' అంటూ పాలన చేపట్టాడు. ఆ 'వచ్చేదాకా' 969 ఏళ్లు సాగింది. మార్డిల్ నుంచి డెనెథోర్ వరకు 26 మంది స్టీవర్డ్‌లు పాలించారు. ఒక్కరూ సింహాసనం ఎక్కలేదు, కిరీటం పెట్టుకోలేదు. చేతిలో ఒక తెల్లని కర్ర, సింహాసనం మెట్ల కింద ఒక నల్లరాతి కుర్చీ, అంతే. రాముడి పాదుకలు ఎదుట పెట్టుకుని నందిగ్రామం నుంచి రాజ్యమేలిన భరతుడి కథ తెలిసిన మనకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. భరతుడికి పద్నాలుగేళ్ల గడువైనా ఉంది, వీళ్లకు గడువే లేదు.

ఇప్పుడు భటుల దుస్తులు చూడండి. నల్లని అంగీ మీద తెల్లదారంతో పూసిన చెట్టు, దానిపైన వెండి కిరీటం, నక్షత్రాలు. అది ఎలెండిల్ వారసుల చిహ్నం, అంటే రాజవంశానిది. గోండోర్ మొత్తంలో ఆ చిహ్నాన్ని ధరించే హక్కు ఈ దళానికి తప్ప ఇంకెవరికీ మిగల్లేదు. స్టీవర్డ్‌ల జెండా మాత్రం ఏ గుర్తూ లేని తెల్లగుడ్డ. ఈ రెండూ పక్కపక్కన పెడితే విషయం స్పష్టం. దళం స్టీవర్డ్ మాట వింటుంది, కానీ ఒంటి మీద మోసేది కనబడకుండా పోయిన రాజు గుర్తును. సముద్రపక్షుల తెల్లరెక్కలు అమర్చిన వాళ్ల శిరస్త్రాణాలు కూడా మిత్రిల్ లోహంతో చేసినవి, పాత వైభవకాలం నుంచి దాచుకున్నవి. టోల్కీన్ ఇంత లోతుగా ఆలోచించి ఒక యూనిఫాం రాశాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అపోహ: ఈ దళంలో చేరిన హాబిట్ పిప్పిన్‌కు ఇచ్చిన దుస్తులు డెనెథోర్ కొడుకు ఫారమిర్ చిన్నప్పటివి.

వాస్తవం: అది సినిమా నిడివి పెంచిన కూర్పులో చేర్చిన మాట. పుస్తకంలో లేదు.

అపోహ: ఇథిలియెన్ అడవుల్లో ఫారమిర్ వెంట తిరిగినవాళ్లూ ఈ దళంవాళ్లే.

వాస్తవం: వాళ్లు వేరు. ఆకుపచ్చ, గోధుమరంగు బట్టలతో అడవిలో మాటు వేసే రేంజర్లు వాళ్లు. కోట కాపలాతో వాళ్లకు సంబంధం లేదు.

అపోహ: చితి మంటల నుంచి ఫారమిర్‌ను కాపాడింది మాంత్రికుడు గాండాల్ఫ్, పిప్పిన్ మాత్రమే.

వాస్తవం: సినిమా బెరెగాండ్‌ను పూర్తిగా వదిలేసింది. ఈ కోట దళంలోనే మూడో కంపెనీకి చెందిన మామూలు సైనికుడు అతడు. పదేళ్ల కొడుకున్న తండ్రి. పిప్పిన్‌కు కోట సంకేతపదాలు నేర్పడానికి వచ్చి స్నేహితుడయ్యాడు. డెనెథోర్ మతి తప్పి, బతికున్న కొడుకుతో పాటు తానూ కాలిపోవాలని చితి పేర్పించినప్పుడు, పిప్పిన్ పరుగున వచ్చి ఆ సంగతి చెప్పింది కాపలాలో ఉన్న బెరెగాండ్‌కే. స్టీవర్డ్ ఆజ్ఞ లేకుండా కాపలా వదలడానికి వీల్లేదు. పాత చట్టం ప్రకారం దానికి శిక్ష మరణం. అయినా వదిలి వెళ్లాడు. సమాధుల వీధి తలుపు దగ్గర కావలివాణ్ని చంపాడు. గాండాల్ఫ్ వచ్చేదాకా, దివిటీలతో లోపలికి దూసుకొస్తున్న డెనెథోర్ సేవకులను గుమ్మంలో ఒంటరిగా ఆపాడు. వాళ్లలో ఇద్దరు అతని కత్తికి పడిపోయారు. తమ ప్రభువు ఆజ్ఞ పాటించడం తప్ప ఆ చనిపోయినవాళ్లు చేసిన నేరమేమీ లేదు. టోల్కీన్ ఆ బరువును దాచలేదు. అందుకే ఈ ఘట్టం ఉత్త సాహసగాథలా తేలిపోదు.

ఈ దళంలో చేరినప్పుడు పిప్పిన్ చేసిన ప్రమాణం గోండోర్ రాజ్యానికీ, దాని స్టీవర్డ్‌కూ కలిపి చేసింది. ఆ రెండూ ఒకటిగా ఉన్నంతకాలం భటుడికి చిక్కులేదు. అవి విడిపోయిన రోజున ఎటు నిలబడాలో బెరెగాండ్ తేల్చుకున్నాడు. సినిమా కోల్పోయింది ఒక పాత్రను మాత్రమే కాదు, ఈ ప్రశ్నను కూడా.

అపోహ: రాజు రావడంతో స్టీవర్డ్ వంశం కథ ముగిసింది.

వాస్తవం: చివరికి తిరిగి వచ్చిన రాజు అరగార్న్ పట్టాభిషేకం రోజున ఫారమిర్ తెల్లకర్రను అప్పగించబోతే, అరగార్న్ తిరిగి అతనికే ఇచ్చాడు. తన వంశం ఉన్నంతకాలం ఆ పదవి ఫారమిర్ వారసులదేనన్నాడు. ఇథిలియెన్‌కు ప్రభువును చేసి, ఎమిన్ ఆర్నెన్ కొండల్లో నివాసం ఏర్పాటు చేశాడు. స్టీవర్డ్ వంశానికి మూలపురుషుడు హూరిన్ ఆ కొండలవాడే.

తర్వాత బెరెగాండ్ విచారణ. పవిత్రస్థలంలో రక్తం చిందించాడు, కాపలా వదిలాడు. ప్రేమతో చేసిన పని కనుక మరణశిక్ష రద్దు చేస్తున్నాననీ, కానీ దళాన్నీ నగరాన్నీ విడిచి వెళ్లక తప్పదనీ అరగార్న్ తీర్పిచ్చాడు. ఆ మాటకు బెరెగాండ్ ముఖం పాలిపోయింది. వెంటనే మిగతా తీర్పు వచ్చింది: ఫారమిర్ రక్షణకు 'వైట్ కంపెనీ' అనే దళం ఉంటుంది, దానికి నాయకుడు బెరెగాండ్.

కథ నిండా మనం స్టీవర్డ్ వంశపు దళమని పొరబడినది రాజుదైతే, నిజంగా ఆ వంశానికంటూ ఏర్పడిన దళం ఈ వైట్ కంపెనీ. అది వాళ్లు రాజ్యమేలిన రోజుల్లో రాలేదు, రాజ్యాన్ని అప్పగించాక వచ్చింది. పేరులోని తెలుపు ఆ గుర్తులేని పాత జెండా నుంచే వచ్చిందని నా నమ్మకం.