పిల్లల ముఖంలో ఎమోషన్‌ని ఫోన్ పట్టగలదా?

ముఖం చూసి అన్‌లాక్ అయ్యే ఫోన్‌కి, ఆ ముఖంలో కోపమో భయమో పట్టడం ఎంతసేపు అనుకుంటాం. కానీ రెండూ వేర్వేరు పనులు. ఆటిజం, డిప్రెషన్ లాంటివి ఉన్న పిల్లల కోసం అంటూ ఏదైనా ఎమోషన్ యాప్ కనిపిస్తే ముందు ఒకటి చూడండి: అది పిల్లాడి ముఖాన్ని చదువుతోందా, ఎదుటివాళ్ల ముఖం చదవడం పిల్లాడికి నేర్పుతోందా?

నేర్పేవాటిలో నాకు నచ్చింది స్టాన్‌ఫర్డ్ వాళ్ల సూపర్‌పవర్ గ్లాస్. పిల్లాడు గూగుల్ గ్లాస్ పెట్టుకుంటాడు. కెమెరా అమ్మ ముఖాన్ని చూస్తుంది, ఫోన్‌లోని యాప్ ప్రాసెస్ చేస్తుంది, అమ్మ సంతోషంగా ఉందో కోపంగా ఉందో అద్దంలోనే ఎమోజీ వస్తుంది. 2019లో జామా పీడియాట్రిక్స్‌లో వచ్చిన ట్రయల్‌లో ఆటిజం ఉన్న 6–12 ఏళ్ల పిల్లలు 71 మంది. గ్లాస్ గ్రూపు ఇంట్లో 20 నిమిషాల చొప్పున వారానికి నాలుగుసార్లు, ఆరు వారాలు వాడింది. నలుగురితో కలిసే తీరుని కొలిచే స్కేల్ మీద, మామూలు థెరపీ మాత్రమే తీసుకున్నవాళ్లకంటే వీళ్లకి సగటున 4.58 పాయింట్లు ఎక్కువ లాభం కనిపించింది. నాలుగు ప్రధాన కొలతల్లో గట్టిగా తేలింది ఇదొక్కటే. అయినా ఆశ పెట్టుకోదగ్గ ఫలితమే. గూగుల్ మాత్రం 2023 మార్చిలో గ్లాస్ అమ్మకాలు ఆపేసింది (మనకి నచ్చినవన్నీ ఇంతే!).

పిల్లాడి ముఖం చదివే యాప్‌ల సంగతి వేరు. ఎమోషన్ మోడల్స్‌కి బాగా వాడే ఫెర్-2013 డేటాసెట్‌లో 35,887 ఫొటోలు, ఒక్కోటి 48×48 పిక్సెల్స్, బ్లాక్ అండ్ వైట్, లేబుల్స్ ఏడే. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం మైపాడు బీచ్‌లో ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఊహించుకోండి. ఎండకి కళ్లు చికిలిస్తాడు, నుదురు ముడిపడుతుంది. కోపమొచ్చినా అదే ముడి. వాడు ఎండలో ఉన్నాడని మోడల్‌కి ఎవరు చెప్తారు? పైగా డిప్రెషన్‌లో ఉన్న పిల్లాడు కూడా ఫొటోకి చక్కగా నవ్వగలడు.

తన ఫేస్ ఏపీఐ నుంచి ఎమోషన్ ఫీచర్ తీసేస్తున్నట్టు 2022లో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. వైద్య, భద్రతా అవసరాలు తప్ప, స్కూళ్లలో ఇలాంటి టెక్‌ని 2025 ఫిబ్రవరి నుంచి యూరోపియన్ యూనియన్ నిషేధించింది.

మీ తమ్ముడి గురించో, అక్క పిల్లాడి గురించో అనుమానం ఉంటే యాప్ స్కోర్ నమ్మి ఆగొద్దు. నెల్లూరులోనే కేంద్ర ప్రభుత్వ సీఆర్‌సీ ఉంది, సికింద్రాబాద్ ఎన్ఐఈపీఐడీ కింద పనిచేస్తుంది. ముందు అక్కడికి తీసుకెళ్లండి. యాప్ వాడి తీరాలంటే ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ఓసారి తెరవండి. పనిచేయకపోతే, పిల్లాడి వీడియో ఏ సర్వర్‌కి పోతోందో ప్రైవసీ పాలసీలో వెతకండి.