బాక్టీరియా గుళికలు - లోహ అయాన్ల బంధనం

కొన్ని బాక్టీరియాల కణకవచానికి వెలుపల ఉండే జిగురు వంటి పొరను గుళిక (క్యాప్సూల్) అంటారు. ఇది సాధారణంగా బహుశర్కరలతోను, బాసిల్లస్ ప్రజాతికి చెందిన కొన్ని జాతులలో గ్లుటామిక్ ఆమ్లపు పాలిమర్‌తోను నిర్మితమై ఉంటుంది. నీటిలో కరిగిన లోహ అయాన్లను పట్టి ఉంచడం ఈ పొరకు గల ముఖ్య ధర్మాలలో ఒకటి.

బంధన విధానం

పాలిమర్ గొలుసుపై గల కార్బాక్సిల్ సమూహాలు తటస్థ నీటిలో హైడ్రోజన్ అయాన్లను కోల్పోయి ఋణావేశాన్ని పొందుతాయి. ధనావేశం గల రాగి, నికెల్, సీసం వంటి లోహాల అయాన్లు వీటిచే ఆకర్షింపబడి బంధితమవుతాయి. రెండు లేక మూడు ఆవేశాలు గల అయాను రెండు గొలుసుల మధ్య వంతెనగా కూడా నిలువగలదు. నీరు ఆమ్లయుతమైనచో హైడ్రోజన్ అయాన్లు ఆ స్థానాలను ఆక్రమించగా, లోహం తిరిగి నీటిలోకి విడుదలవుతుంది.

ఉత్తర తెలంగాణలో ప్రాధాన్యత

గోదావరికి దక్షిణాన పూర్వపు కరీంనగర్ జిల్లాకు చెందిన రామగుండంలో 1983 నుండి, ఉత్తరాన పూర్వపు ఆదిలాబాద్ జిల్లాకు చెందిన జైపూర్‌లో 2016 నుండి బొగ్గు ఆధారిత విద్యుత్కేంద్రాలు పనిచేస్తున్నాయి. బొగ్గు బూడిదలో క్రోమియం, నికెల్, సీసం వంటి లోహాలు స్వల్ప పరిమాణంలో ఉంటాయి. బూడిదను తాకిన నీటిలోకి ఇవి కొంతవరకు కరిగే అవకాశం ఉన్నది. అటువంటి నీటి శుద్ధికి గుళికల ఈ ధర్మం ఉపకరించగలదు.

పరిమితులు

ఆరు సంయోజకత గల క్రోమియం నీటిలో ఋణావేశం గల క్రోమేట్‌గా ఉండుట వలన గుళికకు నేరుగా అతుక్కోదు. అది ముందుగా మూడు సంయోజకత గల రూపానికి క్షయకరణం చెందవలెను. అంతేగాక, గుళిక లోహాన్ని నాశనం చేయదు. నీటి నుండి బురదలోకి చేరుస్తుంది. ఆ బురదను వేరుచేసి భద్రపరచనిచో అదే లోహం మరల నదిని చేరవచ్చును.