కసిమి కుండ ఒక మూల, పటిక గిన్నె మరో మూల

శ్రీకాళహస్తి: కలంకారీ అనగానే రామాయణ పటమో, కల్పవృక్షమో కళ్ళముందు మెదులుతుంది. గీసిన చేతిని అందరూ మెచ్చుకుంటారు. అయితే ఆ గీత నిలవడమూ, చెడడమూ చాలావరకు ఇంటి వెనుక పంచలో, రంగు సరంజామా పెట్టుకునే మూలలోనే తేలిపోతుంది. ఆ మూల సరిగా లేకపోతే ఎంత చేయి తిరిగిన పనివారికైనా నెల రోజుల కష్టం నీళ్ళ పాలే.

అసలు పద్ధతిలో చేసే కలంకారీకి డబ్బా మూత తీసి పూసే రంగులు లేవు. ఇక్కడ ఒక్కొక్క సరుకు విడిగా ఉంటే రంగే కాదు. ఇంకొకదానితో కలిసినప్పుడే రంగవుతుంది. కరక్కాయ పట్టించిన బట్టకు ఇనుము తగిలితే నలుపు. పటిక పెట్టిన చోట చిరివేరో, మంజిష్ఠో ఉడికితే ఎరుపు. అందుచేత బట్ట మీద కలవవలసినవి బట్ట మీదే కలవాలి. అంతకు ముందే అలమరలోనో, కలం మొనలోనో కలిశాయా, పని చెడినట్టే.

నలుపు గీతకు వాడే సిరాను కసిమి అంటారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం నీళ్ళలో వేసి మట్టి కుండలో రెండు మూడు వారాలు పులియబెడతారు. చలికాలంలో ఇంకా ఆలస్యమవుతుంది. వడకట్టిన కసిమి చూడటానికి నల్లగా ఉండదు, పలుచటి కషాయంలా ఉంటుంది. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద పడగానే నల్లబడుతుంది. పూర్వం పల్లెల్లో కరక్కాయ, అన్నభేది కలిపి కాగితం మీద రాసే సిరా చేసుకునేవారు. పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. కసిమి ఆ సిరాకు అన్నదమ్ముల వరస.

కసిమి కుండకు వాసన గట్టున గుడ్డ కడతారు. పులిసే సరుకు కనుక గాలి ఆడాలి, పురుగు పడకూడదు. ఎండ తగలని చోట, మనుషులు తిరగని వైపు పెట్టాలి. వడకట్టిన తరువాత వేరే పాత్రలో పోసి మూత పెట్టి ఉంచుతారు. గీత మొదలు పెట్టే ముందు కరక్కాయ పట్టిన గుడ్డ పేలిక మీద ఒక చుక్క వేసి చూడడం మానకూడదు. బూడిద రంగు తేలితే కసిమి ఇంకా పక్వానికి రాలేదన్న మాట. మరీ ఘాటుగా ఉంటే నీళ్ళు కలపాలి. ఇనుము ఎక్కువైన గీత కింద నూలు కొన్నేళ్ళకు చివికిపోతుంది. తొందరకు కుండలో అన్నభేది గుప్పెడు పడేసే వారున్నారు. నలుపు వెంటనే వస్తుంది, నిజమే. కాని బట్ట ఆయుష్షు తగ్గుతుంది. కొనుక్కున్నవారికి ఆ సంగతి ఆ రోజు తెలియదు, అంతే తేడా.

పటిక నీళ్ళతోనే చిక్కు

అసలు జాగ్రత్త పటికతో ఉండాలి. పటిక నీళ్ళకు రంగు లేదు. ఎక్కడ పెట్టిందీ కనబడడం కోసం కొందరు కొంచెం ఎర్రచెక్క రంగు కలుపుకుంటారు. ఆ నీళ్ళలో కసిమి చుక్క పడినా పైకి తెలియదు. కసిమి అంటిన వేలు పెట్టినా తెలియదు. ఎర్రగా రావలసిన చీర అంచు ఉడికిన తరువాత గోధుమ రంగుకో, వంగపండు రంగుకో తిరిగినప్పుడు తెలుస్తుంది. అప్పటికి కరక్కాయ పట్టించడం, ఎండబెట్టడం, గీయడం, పటిక పెట్టడం, పారే నీటిలో ఉతకడం అన్నీ అయిపోయి ఉంటాయి. వెనక్కు తీసుకునే దారి లేదు. కూలికి పనిచేసే ఆడవారికయితే ఆ చీర కూలి పోతుంది, ఒక్కొక్కసారి గుడ్డ ఖరీదు కూడా మీద పడుతుంది.

అందుకే పాతకాలపు ఇళ్ళలో కసిమి కుండ ఒక మూల, పటిక గిన్నె ఎదురు మూల. మధ్యలో గోడో, తడికో అడ్డం ఉంటే మరీ మంచిది. పటికకు మట్టి పాత్రో, గాజు సీసానో, ప్లాస్టిక్ డబ్బానో వాడాలి. ఇనుప రేకు డబ్బా, ఇనుప గరిటె దగ్గరకు రానివ్వకూడదు. ఎరుపు ఉడకబెట్టడానికి ఇనుప బాణలి కూడా పనికిరాదు. పాత్రలోని ఇనుమే ఎరుపును చంపేస్తుంది. కసిమి కడిగిన చేయి తుడుచుకున్న గుడ్డతో పటిక గిన్నె తుడవడం వంటి చిన్న పనులే పెద్ద నష్టం తెస్తాయి. రెంటికీ రెండు రంగుల గుడ్డలు పెట్టుకుంటే ఖర్చు ఏముంది?

కలాల సంగతీ ఇంతే. కలం అంటే సన్నగా చెక్కిన వెదురు పుల్ల. మొనకు కాస్త పైన గుడ్డో, ఉన్నియో చుట్టి దారంతో బిగిస్తారు. సిరాలో ముంచితే ఆ చుట్టు పీల్చుకుంటుంది, వేళ్ళతో నొక్కితే మొన వెంట దిగుతుంది. ఆ చుట్టులోపల దాగిన సిరా ఎంత కడిగినా పూర్తిగా పోదు. కసిమి కలాన్ని ఎంత కడిగినా పటికకు వాడరాదు. గీతకు సన్న కలం, పటిక నింపడానికి మందపాటి కలం అని ఎలాగూ రెండు ఉంటాయి. పసుపుకూ, నీలానికీ కూడా వేరువేరు కలాలుండాలి. కట్టే దారం రంగు మారిస్తే చదువు రాని వారికీ ఇట్టే గుర్తు దొరుకుతుంది. పని ముగిశాక కడిగి, నీడన పూర్తిగా ఆరనిచ్చి కట్ట కట్టాలి. తడి కలాలు డబ్బాలో పెట్టి మూత వేస్తే చుట్టు కుళ్ళి, మరుసటి వారం గీత ముద్దగా పడుతుంది.

పొడి సరుకుకు తడే శత్రువు

కరక్కాయలు కాయలుగా దాచడం మేలు. పొడి చేసి నెలల తరబడి ఉంచితే తేమ పీల్చి బూజు పడుతుంది. కాయ కొనేటప్పుడు చిల్లులున్నాయేమో చూడాలి. పురుగు తొలిచిన కాయలు నాలుగున్నా గోతాం మొత్తానికి అంటిస్తాయి. మంజిష్ఠ వేరు, దానిమ్మ తొక్క, పసుపు రంగుకు వాడే కరక పువ్వు గోతాలలో కట్టి, నేలకు ఆనకుండా బల్ల మీదనో, రాళ్ళ మీద పరచిన చెక్కల మీదనో ఉంచాలి. నీలిమందు దిమ్మ పొడిగా ఉంటే ఏళ్ళు నిలుస్తుంది. చింత పుల్లలు కాల్చిన బొగ్గులు తడిసి మెత్తబడితే గీతకు విరిగిపోతాయి. వాటికి పాత రేకు డబ్బా చాలు. ఇనుము పనికివచ్చే చోటు ఈ పంచలో అదొక్కటే.

కరక్కాయ రసం, పాలు కలిపినది దాచేది కాదు. ఏ పూటది ఆ పూటే. పాలు పట్టించి ఆరవేసిన తానులు మాత్రం దాచుకోవచ్చు గాని, ఎలుకలకు, బొద్దింకలకు ఆ వాసనంటే ప్రాణం. మూత గట్టిగా పడే పెట్టె ఉండాలి. ఆ తానుల మీద ఇనుప మేకు తుప్పు రాలినా అక్కడొక నల్ల మచ్చ లేస్తుంది. పెట్టె లోపల మేకులు చూసుకోవాలి.

ఇదంతా చెప్పడానికి బాగానే ఉంది. అద్దె ఇంట్లో ఒక్క గదిలోనే వంట, పడక, రంగులు అన్నీ సాగించే వారికి రెండు మూలలు ఎక్కడివి? కసిమి కుండ పొయ్యి పక్కకు చేరుతుంది. పిల్లలున్న ఇంట్లో అది మరీ ప్రమాదం. తియ్యని వాసన వేసే గోధుమరంగు నీళ్ళను పిల్లవాడు పానకమనుకుంటే ఎవరిది తప్పు? తాగే చెంబులు, గ్లాసులు రంగు పనికి వాడకపోవడం, కసిమి, పటిక, అన్నభేది చేతికందని ఎత్తులో పెట్టడం గది ఎంత ఇరుకైనా చేయగలిగిన పనులు.

కుటుంబాల మధ్యే మిగిలిపోతున్న ఈ విద్యకు 1950ల చివర శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టారు. అక్కడ నేర్పిన వారి కుటుంబం నుంచి వచ్చిన జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. 2005-06లో శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. గుర్తింపు వచ్చింది గాని, అచ్చు యంత్రం మీద వేసిన బట్టను కూడా కలంకారీ పేరుతోనే అమ్మే దుకాణాలు ఏ ఊళ్ళో చూసినా ఉన్నాయి. ధరలో వాటితో పోటీ పడడం చేతిపనివారికి అయ్యేది కాదు. వారికున్న బలం రంగు ఒక్కటే. ఆ రంగు చెడితే చేతిలో ఏమీ మిగలదు. నలుగురైదుగురు కలిసి ఒక షెడ్డు అద్దెకు తీసుకుని, ఒక పక్క కసిమి, ఒక పక్క పటిక పెట్టుకుంటే తలా కొంచెం ఖర్చుతో పోతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలకు కూడా మొదటి వారం కలం ఇవ్వకుండా పంచ సర్దడం నేర్పితే తప్పేమీ లేదు.

నీటి ఇబ్బంది మాత్రం ఇంట్లో సర్దుకునేది కాదు. బట్ట ఉతకడానికి పారే నీరు కావాలి. స్వర్ణముఖి ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. 2021 నవంబరులో మాత్రం ఒడ్డు మునిగేలా పొంగింది. బోరు నీటితో ఉతికేవారు ముందుగా పటిక పెట్టిన పేలికను ఆ నీటిలో ఉతికి, ఉడికించి చూసుకోవాలి. నీటిలో ఇనుముంటే ఎరుపు మసకబారుతుంది.

ఇక్కడ పెద్ద వానలు దీపావళి అటూ ఇటూగా దిగుతాయి. ఆలోగా ఒక కుండ కసిమి వడకట్టి, పది తానులకు కరక్కాయ, పాలు పట్టించి, ఎండలో ఆరబెట్టి పెట్టెలో వేసుకున్న ఇంట్లో ముసురు పట్టినా గీత పని ఆగదు. ఎరుపు ఉడకబెట్టడం మాత్రం సంక్రాంతి ఎండలు వచ్చేదాకా ఆగవలసిందే.